జిగురత్త గీత పెట్టిన చోట

ఆ వానాకాలం నా బల్ల మీదికి రెండు నవలలు ఒకేసారి వచ్చాయి. ఒకటి ఎనిమిది వందల పేజీల పాత నవల, రాసినాయన పోయి చాలా కాలమైంది. రెండోది నూట నలభై పేజీల కొత్త నవల, రాసినావిడతో నేను మాట్లాడి ఆరేళ్లయింది. ఆవిడ మా చెల్లి.

మాది చిన్న ప్రచురణ సంస్థ. కింద అచ్చుయంత్రం, దాని పక్కన బైండింగు గది, మేడ మీద రెండు గదులు. ఒక గదిలో పెద్దాయన కూర్చుంటారు, సంస్థ ఆయనదే. రెండో గదిలో నేను, నా పెన్సిళ్లు, నా దగ్గు. రచయితలు పంపిన రాతప్రతుల్ని అచ్చుకి సిద్ధం చెయ్యడం నా పని. అచ్చుతప్పులు దిద్దడం అందులో చిన్న భాగం, పెద్ద భాగం అతుకులు వెయ్యడం. రాసేవాడి తలలో ఒక సంగతి నుంచి ఇంకో సంగతికి దారి ఉంటుంది, కాగితం మీద ఉండదు. మాట్లాడుతున్నది ఎవరో, ఇది నిన్న జరిగిందో ఇవాళ జరిగిందో, ఆ కోపం దేనికొచ్చిందో రాయడం మర్చిపోతాడు. అక్కడ ఒక మాటో, ఒక వాక్యమో పెట్టి ఇటు అంచునీ అటు అంచునీ కలుపుతాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పెద్దాయన నన్ను కుట్టుమిషను అంటారు. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత అలవాటైంది, ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్ని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూస్తాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ పుస్తకమైనా యంత్రం ఎక్కే ముందు జిగురత్త చదవాలి. జిగురత్త అంటే కింద బైండింగు గదిలో ఫారాలు, అంటే అచ్చయిన పేజీల మడతలు కుట్టి, పుస్తకం వీపుకి జిగురు రాసి, అట్ట వేసే మనిషి. అరవై దాటాయి. ఆవిడ చదువు ఐదో తరగతితో ఆగింది, కానీ మా దగ్గర అచ్చయిన ప్రతి పుస్తకమూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. ప్రూఫు చదువుతూ దారి తప్పినచోట మార్జిన్లో పెన్సిల్‌తో ఒక నిలువు గీత పెడుతుంది. ఏం అర్థం కాలేదో మాత్రం రాయదు. "అది కనుక్కోవడం నీ పని, నాకున్నవి రెండు చేతులే" అంటుంది. ఒక ప్రకరణంలో ఐదు గీతలు దాటితే పుస్తకం మళ్లీ నా దగ్గరికి వస్తుంది. ఒకసారి పేరున్న రచయిత ఒకాయన మేడమెట్ల మీద నిలబడి, జిగురు పూసే మనిషికి నా వచనం గురించి ఏం తెలుసని కేకలేశాడు. జిగురత్త పని ఆపకుండానే కిందనుంచి, "ఏమీ తెలియలేదనేగా నాయనా గీత పెట్టింది" అంది.

చెల్లి నవల చేతికిచ్చేటప్పుడు పెద్దాయన నా మొహం చూడలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు.

"పోస్టులో వచ్చిందమ్మా. మీ చెల్లి రాసింది."

"నాకిమ్మందా?"

"ఇమ్మనలేదు. ఇవ్వద్దనీ అనలేదు. నవల పంపుతున్నాను చూడండి, అని ఒక్క ముక్క రాసింది."

"ఇంకెవరికైనా ఇవ్వండి సార్."

"ఇంకెవరున్నారు? కింద మిషనుంది, పైన కుట్టుమిషనుంది." కళ్లజోడు పెట్టుకుని అప్పుడు నావైపు చూశారు. "బాగుంది, అది మాత్రం చెప్పగలను. కానీ రెండుసార్లు చదివినా సగం అంతుపట్టలేదు. చదివేవాళ్లకి దారి దొరికేలా చేస్తే ఈ వానలు వెళ్లేలోపు అచ్చు వేద్దాం. జిగురత్త దాటనివ్వకపోతే తిప్పి పంపడమే."

తిప్పి పంపితే ఆ కవరు మీద చిరునామా రాయాల్సింది నేనే. అలా పంపాక మా అక్కచెల్లెళ్ల మధ్య ఇక మిగిలేదేమీ ఉండదు. అది నాకు బాగా తెలుసు.

నవల ఇంటికి తీసుకెళ్లాను. మా ఇల్లంటే మూడు గదులు, ఒక నేను. అమ్మ పోయాక ఆవిడ గది తలుపు దగ్గరగా వేసి ఉంచాను. వానలు పడితే ఆ తలుపు చెక్క ఉబ్బి బిగుసుకుపోతుంది, ఎండలొచ్చేదాకా తెరుచుకోదు. అదీ ఒకందుకు మంచిదే అనుకునేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున ఆఫీసు మెట్లెక్కేదాకా నా గొంతు నాకే వినపడదు. అప్పుడప్పుడు టీ కాచుకుంటూ "మరిగింది" అని పైకి అంటాను, గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి.

ఆ సాయంత్రం కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాను. నవలంతా ముక్కలు. ఎవరికీ పేరు లేదు. ఆమె అంటుంది, ఇంకో వాక్యంలో మళ్లీ ఆమె అంటుంది, ఆ ఆమె వేరు. ఒక పేజీలో మెట్ల మీద ఎవరో జారిపడతారు, అరవై పేజీల తర్వాత ఎవరిదో మోకాలు నొప్పి పెడుతుంది. మధ్యలో ఒక్క మాట సాయం ఉండదు. వేరేవాళ్లు రాసి ఉంటే పుస్తకం మూసి, ఈవిడగారికి ఎంత పొగరు అనుకునేదాన్ని. కానీ ఆ మెట్లు మా మెట్లు. జారిపడింది నేను. ఏ ఆమె ఎవరో నాకు తెలుసు, ఏ వాన ఏ ఏడాదిదో తెలుసు. ఈ లోకంలో ఆ నవలకి అతుకులు వెయ్యగల మనిషి నేనొక్కదాన్నే. అది చెల్లికి తెలియకుండా ఉంటుందా అనిపించింది. తెలిసే పంపిందేమో అనుకున్నాను. వెంటనే, అంత ఆశ వద్దని నన్ను నేనే కసురుకున్నాను.

చిన్నప్పుడు మధ్యాహ్నాలు అమ్మ మా ఇద్దరికీ జడలు వేస్తూ కథలు చెప్పేది. ఊఁ కొట్టాలి, అదొక్కటే షరతు. ఊఁ ఆగితే కథ ఆగిపోతుంది. నేను ఊఁ కొట్టేదాన్ని కాదు, ప్రశ్నలు వేసేదాన్ని. రాజు ఎందుకెళ్లాడు, గుర్రం ఎక్కడిది, నిన్న చచ్చిపోయిన ముసలమ్మ ఇవాళ నీళ్లెలా మోస్తోంది. "నీకు కథ చెప్పేకంటే నాలుగు దుప్పట్లు ఉతుక్కోవడం నయం" అని అమ్మ జడ గట్టిగా లాగేది. చెల్లికి ఆ బాధ లేదు. రాజు చచ్చిపోయినా ఊఁ, పక్క వాక్యంలో లేచి కూర్చున్నా ఊఁ. ఎక్కడ కథ తెగినా చెల్లి అవతలి గట్టు మీద హాయిగా తేలేది, నేను ఇవతల గట్టు మీదే నిలబడి గోల చేసేదాన్ని.

జిగురత్తకి రెండు నవలల ప్రూఫులూ ఒకేసారి వెళ్లాయి. వారం తర్వాత కిందికి వెళ్లేసరికి బైండింగు గదిలో గాలి తడిగా, బరువుగా ఉంది. జిగురు ఆరక పుస్తకాలన్నీ బరువుల కింద అణిగి ఉన్నాయి. జిగురత్త స్టూలు మీద కూర్చుని దారానికి మైనం రాస్తోంది.

"పెద్ద నవల ఎలా ఉందత్తా?"

"ఆయనకేం, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు. గుమ్మం వస్తే గుమ్మం అంటాడు, మెట్టొస్తే మెట్టు అంటాడు. ఒక్క గీత కూడా పెట్టలేదు. మధ్యలో రెండుసార్లు నిద్రపోయాను. లేచాక కూడా చెయ్యి అక్కడే ఉంది."

"రెండోది?"

"అదా." దారం సూదిలోకి ఎక్కించింది. "ఎవరో నన్ను గదిలో పెట్టి, దీపం ఆర్పేసి, బయట గొళ్లెం పెట్టి వెళ్లిపోయారే అమ్మాయ్."

నాకు యాభై రెండేళ్లు. నన్ను అమ్మాయ్ అనే మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే, అందుకు ఆవిడేమన్నా పడతాను.

గీతలు లెక్క పెట్టాను. నలభై ఏడు. అన్నీ సన్నటి గీతలే, ఒక్కటి తప్ప. యాభై రెండో పేజీలో గీత ఎంత గట్టిగా ఉందంటే కాగితం కొంచెం చిరిగింది. అక్కడ ఇలా ఉంది.

"ఫోను. గ్లాసులో నీళ్లు కదిలాయి. ఆమె చూసింది. మోగింది. కిటికీ మీద చినుకు. మోగింది. ఆమె చూసింది. నీళ్లు ఆగాయి."

ఆ పేజీ అంతకుముందే తిప్పాను. కళ్లు కాగితం మీద ఉన్నాయి గానీ చదవకుండా దాటేశాను. ఇప్పుడు గీత పడింది కాబట్టి దాటడానికి లేదు.

మిగతా నలభై ఆరు గీతలకీ మూడు వారాలు పట్టింది. నిజం చెప్పాలంటే, ఆరేళ్లలో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు అవే. పొద్దున పాత నవల తుది ప్రూఫు చూసేదాన్ని, మధ్యాహ్నం చెల్లి నవల. పాత నవలలో ప్రతి వాక్యం వెనక వాక్యం కొంగు పట్టుకుని నడుస్తుంది. అందుచేత, అయినను, ఏలయనగా, అట్లుండగా. నాకు చెయ్యడానికేమీ ఉండేది కాదు, ఆవలించడం తప్ప. చెల్లి నవలలో మాత్రం చేతినిండా పని. మెట్లమీద జారిపడింది పెద్దామె అని ఒక్క మాట చేర్చాను. వాన అని ఉన్నచోట, తండ్రి పోయిన ఏటి వాన అని రాశాను. గొడుగు అని ఉన్నచోట నీలం గొడుగు అన్నాను. ఇంతకు మించి ముట్టుకోలేదు. ఒక్కో అతుకు వేస్తున్నప్పుడు చెల్లి పక్కన కూర్చున్నట్టే ఉండేది. అవునే, ఆ రోజు నువ్వు నీలం గొడుగు పట్టుకొచ్చావు, గుర్తుంది అని లోపల్లోపల అనేదాన్ని. ఒకటి రెండుసార్లు పైకే అనేశానేమో, పెద్దాయన గదిలోంచి "ఎవరమ్మా వచ్చింది?" అని అడిగారు.

చివరికి యాభై రెండో పేజీ ఒక్కటే మిగిలింది.

అమ్మ చివరి నాలుగు నెలలూ మంచం మీదే. ఎత్తి దించింది నేను. ఎలా ఉందని రోజూ ఫోను చేసి అడిగింది చెల్లి. వస్తానంది, రాలేదు. మళ్లీ వస్తానంది, సెలవు దొరకలేదంది. నా ఒంట్లో ఓపిక, నోట్లో మంచిమాట రెండూ అయిపోయాయి. ఆ మధ్యాహ్నం అమ్మ గదిలో బల్ల మీద గ్లాసు పక్కన నా ఫోను అదిరింది, చెల్లి పేరు కనపడింది. గ్లాసులో నీళ్లు కదిలాయి. నేను చూశాను. కానీలే, అనుకున్నాను. చూస్తూ కూర్చున్నాను. ఫోను ఆగింది, నీళ్లు ఆగాయి. మర్నాడు తెల్లవారేసరికి అమ్మ లేదు.

చెల్లి ఆ సాయంత్రానికి వచ్చింది. అందరూ వెళ్లాక నన్ను ఒక్కటే అడిగింది. "నిన్న మధ్యాహ్నం చేశాను అక్కా."

"నిద్రపోయాను. వినపడలేదు."

అది నా మొహం చూసింది. ఊఁ అని కూడా అనలేదు. మూడో రోజు వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ గదిలో లేని మనిషి, నా పక్కన నిలబడి చూసినట్టు, గ్లాసుతో సహా రాసింది. ఎందుకు ఎత్తలేదన్నది మాత్రం రాయలేదు. జిగురత్త అక్కడే గీత పెట్టింది. నా పెన్సిల్ చాలాసేపు కాగితానికి అంగుళం ఎత్తులో ఆగిపోయింది. తర్వాత ఇరవై ఆరేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే కదిలింది. "ఆమె చూసింది" అన్న రెండు చోట్లా కొట్టేశాను. "నాలుగు నెలల అలసటతో ఆమె కుర్చీలోనే నిద్రపోయింది, అందువల్ల ఆ మోత ఆమెకి వినపడలేదు" అని రాశాను. చదువుకుంటే చక్కగా అతికింది. నదురూ బెదురూ లేకుండా చేసిన పని కాదు, కానీ చేశాను.

దిద్దిన ప్రూఫు జిగురత్త మళ్లీ చదివింది. ఈసారి మూడు రోజుల్లోనే మేడెక్కి వచ్చింది. ఆవిడ మెట్లెక్కడం అరుదు, మోకాళ్లు ఒప్పుకోవు. కుర్చీలో కూలబడి కాగితాలు బల్ల మీద పెట్టింది.

"ఒక్క గీత లేదు. గడగడా సాగిపోయింది. పెద్దాయనకి చెప్పెయ్, వేసుకోవచ్చని."

"మంచిది అత్తా."

ఆవిడ లేవలేదు. వేళ్లకి ఎండిన జిగురు పొరలు పొరలుగా ఒలుచుకుంటూ కూర్చుంది.

"ఆ ఫోను ఉన్న పేజీలో మొదటిసారి గట్టిగా గీత పెట్టాను చూడు."

"ఆఁ."

"అక్కడ నాకు అర్థం కాకపోవడం కాదే. మా తమ్ముడు గుర్తొచ్చాడు. వాడు ఉత్తరం రాస్తే మూడేళ్లు పెట్టెలో పెట్టి విప్పలేదు నేను. ఎవరికీ చెప్పలేదు. అది గుర్తొచ్చి పెన్సిల్ గట్టిగా పడింది." జిగురు పొర తీసి బల్ల అంచున పెట్టింది. "ఈసారి చదివితే వాడు గుర్తు రాలేదు. ఆవిడ నిద్రపోయిందట పాపం, ఏం చేస్తుంది అనుకుని పేజీ తిప్పేశాను. బానే ఉంది. చెబుతున్నానంతే."

మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "చూసింది అని ఉండేది కదా ముందు?" అంది. ఆవిడ జవాబు కోసం నిలబడలేదు.

పెద్దాయనకి ఆ రోజు చెప్పలేదు. మధ్యాహ్నమంతా పాత నవల ముందేసుకుని కూర్చున్నాను. ఆరువందల పన్నెండో పేజీ. ఇద్దరు తోడికోడళ్ల సంగతి. ఒకామె తలుపు తడుతుంది.

"తలుపు తట్టుచున్నది తన తోడికోడలే యని ఆమెకు తెలిసెను. తెలిసియు లేవలేదు. ఏలయనగా, తీసిన యెడల తానే ముందుగా మాట్లాడవలసివచ్చును. అందుచేత వినబడనట్లే కూరుచుండెను. అట్లు కూరుచున్నందుకు పిదప ముప్పది యేండ్లు పశ్చాత్తాపపడెను."

అప్పటికి ఆ పేజీ మూడుసార్లు చూశాను, కామాల కోసం. ఆ రోజు ఏలయనగా దగ్గర ఆగిపోయాను. ఎనిమిది వందల పేజీల పొడుగునా నేను ఆవలిస్తూ దాటేసిన మాట అది. ఆయన ఆ మాట రాశాక వెనకడుగు వెయ్యలేదు, ఉన్న కారణం ఉన్నట్టు చెప్పాడు. మా చెల్లికి కారణం తెలియదు కాబట్టి ఖాళీ వదిలింది, అదీ నిజాయితీయే. నేను మాత్రం ఆయన మాట లాంటిదే ఒక అందువల్ల తీసుకొచ్చి చెల్లి ఖాళీలో పెట్టి అబద్ధం కుట్టాను. పైగా ఎంత నున్నగా కుట్టానంటే ఆరేళ్ల కిందట చెల్లి దగ్గర చెల్లని అబద్ధం ఇప్పుడు అచ్చులో చెల్లిపోతుంది.

రబ్బరు తీసుకుని నా వాక్యం తుడిచేశాను. "ఆమె చూసింది" రెండు చోట్లా మళ్లీ రాశాను. దాని కింద, మార్జిన్లో చోటు చాలక వేరే చీటీ మీద ఇలా రాసి అతికించాను.

"చేస్తున్నది చెల్లెలని ఆమెకి తెలుసు. తెలిసే ఎత్తలేదు. ఎందుకంటే, రానిదానికి ఫోనెందుకని కోపం వచ్చింది. తల్లి మెలకువగానే ఉంది. ఎవరు, చిన్నదా, అని అడిగింది. కాదు, ఎవరో, అని ఆమె చెప్పింది. తల్లి అటు తిరిగి పడుకుంది."

అమ్మ అడిగిన ఆ మాట అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు, కాగితానికి కూడా. రాశాక ఏడుపు వచ్చింది. గది తలుపు వేసి ఏడ్చాను. పెద్దాయన ఈసారి ఎవరొచ్చారని అడగలేదు.

రచయితలు ఒప్పుకుంటేనే అతుకులు ఉంటాయి, అది మా నియమం. ప్రూఫు కవరులో పెట్టి, చిరునామా నా చేత్తోనే రాసి పోస్టు చేశాను. ఉత్తరం ఏదీ పెట్టలేదు. ఆ తర్వాత పదిహేడు రోజులు. మామూలుగా పోస్టు పదకొండింటికి వస్తుంది. పదిన్నర నుంచీ నా చెవులు మెట్ల మీదే ఉండేవి. ఇంటికెళ్తే అక్కడా అంతే, కానీ ఇంటికి పోస్టు రాదు, ఎవరూ రారు. ఒక సాయంత్రం టీ కాస్తూ "మరిగింది" అన్నాను. ఆ మాట వినడానికి ఒక్క మనిషి ఉంటే ఎంత బాగుండును అనిపించి, పొయ్యి ఆర్పేసి, టీ తాగకుండానే నిలబడిపోయాను.

పద్దెనిమిదో రోజు కవరు వచ్చింది. ప్రూఫులో నలభై ఆరు అతుకులకీ పక్కన చిన్న చిన్న టిక్కులు పెట్టి ఉన్నాయి. జారిపడింది పెద్దామె, టిక్కు. తండ్రి పోయిన ఏటి వాన, టిక్కు. ఒకచోట గొడుగు నీలం కాదు, ఆకుపచ్చ అని దిద్దింది. ఆ ఒక్క దిద్దుబాటు చూసి పిచ్చిదానిలా నవ్వుకున్నాను. గొడుగు నీలమే. చిన్నప్పటి నుంచీ దానికి రంగులు గుర్తుండవు.

యాభై రెండో పేజీ తిప్పాను. నా చీటీ తీసేసి ఉంది. చింపలేదు, జాగ్రత్తగా ఒలిచింది, జిగురు మరక కూడా మిగలకుండా. చెల్లి మాటలు అలాగే ఉన్నాయి. మార్జిన్లో నాలుగు మాటల వాక్యం ఒకటి రాసింది. "ఇది ఈ నవల్లో వద్దు." కవరంతా దులిపి చూశాను. నా చీటీ అందులో లేదు.

అంతే. కోపమా, అసహ్యమా, జాలా? దాని దగ్గరే ఉంచుకుందా, చెత్తబుట్టలో వేసిందా? ఏ మాటా లేదు. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లోవాళ్ల వాక్యాలన్నీ కలిపినదాన్ని, ఆ నాలుగు మాటల పక్కన ఐదో మాట ఏముండాలో ఊహించలేకపోయాను.

పెద్దాయన సంతోషంగా ఫైలు తీసుకున్నారు. కింద యంత్రం మొదలైంది. నాలుగు రోజుల తర్వాత బైండింగు గదికి వెళ్తే జిగురత్త చెల్లి నవల ఫారాలు మడతపెట్టి కుడుతోంది. యాభై రెండో పేజీ ఉన్న ఫారం విడిగా ఒళ్లో పెట్టుకుని ఉంది.

"మళ్లీ గొళ్లెం పెట్టేశారు ఇక్కడ" అంది.

"గీత పెడతావా అత్తా?"

"వద్దులే. ఇక్కడ ఎవరి గీత వాళ్లే పెట్టుకుంటారు." సూది ఫారం మడతలోంచి దూర్చి అటువైపు లాగింది. "మీ చెల్లి ఏమంది?"

"ఇది ఈ నవల్లో వద్దంది."

"ఈ నవల్లో వద్దంది. అసలే వద్దనలేదుగా?"

"అదే అర్థమని ఎలా చెప్పగలం అత్తా. మనమే అతికించుకుంటున్నామేమో."

"ఇక్కడ కూర్చుని అతికించుకోవడం ఎందుకే, ఆ పిల్లనే అడుగు." ముడి వేసి దారం పళ్లతో కొరికింది. "మా తమ్ముడి ఉత్తరం విప్పేసరికి వాడు లేడు. నాకు అడగడానికి మనిషి లేడు, నీకుంది."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మ గది తలుపు భుజంతో నెట్టాను. మూడుసార్లు నెడితే తెరుచుకుంది. బల్ల అక్కడే ఉంది. తుడిచి, కుర్చీ వేసుకుని, చెల్లి నంబరు నొక్కాను. అటువైపు మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తలేదు. పనిలో ఉందని గానీ, కావాలనే ఎత్తలేదని గానీ, నిద్రపోయిందని గానీ నేను ఏమీ చేర్చలేదు. ఎత్తలేదు, అంతవరకే. మర్నాడు అదే వేళకి మళ్లీ చేశాను. మోగి ఆగిపోయింది. ఆ మర్నాడూ అంతే. అటువైపు ఒక బల్ల ఉండి ఉంటుంది, దాని మీద ఏముందో, ఎవరు చూస్తున్నారో నాకు తెలియదు. ఆరేళ్ల కిందట చెల్లి ఫోను పట్టుకుని ఎలా కూర్చుందో నాకిప్పుడు తెలిసింది.

నాలుగో రోజు వాన జోరుగా ఉంది. ఆరోసారి మోగుతుండగా మోత ఆగింది. తెగిపోయిందనుకుని ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యబోయాను. తెగలేదు. అటువైపు కూడా వాన చప్పుడు వినపడుతోంది, దాని వెనక ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు.

అది హలో అనలేదు, అక్కా అనలేదు. ఎలా ఉన్నావని అడగాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. కుర్చీలో సర్దుకుని కూర్చుని, మొదటినుంచి మొదలుపెట్టాను.

"ఆ రోజు పొద్దున్నుంచీ అమ్మ నీ గురించే అడుగుతోంది. అందుకని మంచం కిటికీవైపు జరిపాను, వీధి కనపడేలా. తర్వాత మందు వేశాను. మందు వేశాక నిద్రపోతుందనుకున్నాను, పోలేదు."

అక్కడ ఆగాను. గ్లాసు తెచ్చుకోవాల్సింది అనుకున్నాను. వాన చప్పుడు రెండువైపులా అలాగే వినపడుతోంది. ఫోను పెట్టేస్తుందేమో అని కళ్లు మూసుకున్నాను.

"ఊఁ" అంది చెల్లి.